హెడ్‌లైటు గిన్నె

మూడు గంటలకు నాగురా మోరియో వస్తాడు. ఇప్పుడు రెండు దాటి ఐదు నిమిషాలు. షెడ్డు ఊడ్వడానికి పది నిమిషాలు చాలు, చేతులకున్న గ్రీజు కడుక్కోవడానికి ఐదు, మిగిలిన నలభై నిమిషాల్లో అతనితో చెప్పబోయే మొదటి మాట ఏదో తేల్చుకోవాలి. మొదటి మాట సరిగా పడితే తక్కినవి దాని వెంట వాటంతట అవే వస్తాయని ముప్ఫై ఎనిమిదేళ్లు విద్యార్థులకు పాఠం చెప్పాను. సెప్టెంబరు నుంచి ఆ ఒక్క మాట నాకే పడటం లేదు. ఏటా నవంబరు తొమ్మిదిన, ఇదే వేళకు, అతను మా గుమ్మంలో నిలబడి నడుము దాకా వంగుతాడు, ఎర్రగింజల ముద్దతో చేసిన యోకాన్ మిఠాయి పెట్టెను రెండు చేతులతో అందిస్తాడు, "తెత్సురో గారి కాలికి నా వల్ల జరిగినదానికి ఈ ఏడు కూడా మన్నించండి" అంటాడు, టీ తాగమంటే వద్దంటాడు, వెళ్లిపోతాడు. తెత్సురో నా తమ్ముడు. అతని మోటారుసైకిలు హెడ్‌లైటుకు తీగలు మార్చినవాడు మోరియో. ఆ హెడ్‌లైటు నలభై రోజులకు నది కట్ట మీద, మలుపులో, చీకటి పడుతున్న వేళ ఆరిపోయింది. తమ్ముడి ఎడమకాలు బండి కింద నలిగింది. ఇది జరిగి యాభై ఐదేళ్లు. తమ్ముడు పోయి ఆరేళ్లు, అదీ గుండె ఆగి, కాలికి సంబంధం లేకుండా. అయినా నాగురా రావడం మానలేదు. మొన్న ఫోన్ చేసి, ఆదివారం ఉత్తరాన దూరంగా సప్పోరోలో ఉన్న కూతురి దగ్గరికి మకాం మారుస్తున్నానని, ఇక మీదట రాలేనని, ఇదే ఆఖరుసారని చెప్పి, దానికి కూడా క్షమాపణ అడిగాడు. ఆ దీపం ఆరిపోవడంలో అతని తప్పు వీసమెత్తు లేదని నాకు రెండు నెలలుగా తెలుసు.

బల్ల మీద తెల్లగుడ్డ పరిచి దాని మీద హెడ్‌లైటు గిన్నె పెట్టాను. అంచు ఒక పక్క సొట్టపడి ఉంది, దాన్ని సాపు చెయ్యలేదు, చెయ్యను, అది సాక్ష్యం. మిగతా బండి అంతా సాపుగానే ఉంది. మార్చిలో మొదలుపెట్టినప్పుడు ఇది బండి అని చెప్పడానికి చక్రాలు రెండు ఉండటమే ఆధారం. ఆ ముందటి శరదృతువులో తుఫానుకు షెడ్డు పైకప్పు పెంకులు నాలుగు ఎగిరిపోయాయి, నాన్న కప్పిన పట్టా మీద వాన చుక్క చుక్కగా పడి పట్టా కుళ్లింది, పట్టా కుళ్లడం వల్ల నేను దాన్ని తీయవలసి వచ్చింది, తీయడం వల్ల చూడవలసి వచ్చింది. అంటే ఇదంతా నాలుగు పెంకుల వల్ల. కాని అలా వెనక్కి వెళ్తూ ఉంటే ఎక్కడ ఆగాలి అన్నది విద్యార్థులు నన్ను అడిగే ప్రశ్న, నేను చెప్పే జవాబు ఒకటే: మనిషి చెయ్యి తగిలిన చోట ఆగండి. నా విషయం విరిగిన లోహం. వంతెన బోల్టు, రైలు చక్రపు ఇరుసు, ఆవిరిగొట్టం, ఏది విరిగినా ముక్కలు నా బల్ల మీదికి వచ్చేవి, ఎందుకు విరిగిందో నేను రాసి ఇచ్చేదాన్ని. మూడు వందలకు పైగా నివేదికలు రాశాను. వాటిలో ఒక్కటీ మా ఇంటి షెడ్డులో ఉన్నదాని గురించి కాదు.

తుప్పును చెరిపివేయలేం, కొంత వెనక్కి నడిపించగలం. బట్టల సోడా కలిపిన నీళ్ల తొట్టిలో భాగాలను ముంచి, పక్కన ఒక పనికిరాని ఇనప ముక్కను వేలాడదీసి, రెండింటికీ బ్యాటరీ చార్జరు తగిలిస్తే బుడగలు లేస్తాయి, తుప్పు దానంతట అది వదులై ఊడుతుంది, పక్కన ఉన్న ముక్క తినేయబడుతుంది. ఒకటి బాగుపడాలంటే ఇంకొకటి దాని బదులు చెడాలి, ఇందులో నీతి ఏమీ లేదు, ఇది రసాయనం. పెట్రోలు ట్యాంకులోకి నిమ్మఉప్పు నీళ్లు పోసి మూడు రోజులు ఉంచాను. బిగుసుకుపోయిన పిస్టను మీద నూనె పోసి పదహారు రోజులు ఎదురుచూశాను; పదిహేడో రోజు ఉదయం కిక్కు మీద చెయ్యి వేసి నొక్కితే వెంట్రుకవాసి కదిలింది. ఆ రోజు పక్కింటి మిత్సుయే గారు గోడ మీదుగా తల పెట్టి, "హిసాయో గారూ, ఈ వయసులో మొగుణ్ణి కట్టుకున్నవాళ్లని చూశాను గాని, బండిని విప్పుకుని కూర్చున్నవాళ్లని మిమ్మల్నే చూడటం" అన్నారు. "బాగయ్యాక ఎక్కి ఎక్కడికెళ్తారేంటి?" ఎక్కడికీ వెళ్లను, ఎందుకు ఆగిందో తెలుసుకుంటాను అన్నాను. "ఎందుకు ఆగడమేంటండీ, ముసల్దై ఆగింది, మనలాగే" అని తల వెనక్కి తీసుకుని వెళ్లిపోయారు. నేను మోటారుసైకిలు ఎప్పుడూ నడపలేదు. వెనక కూర్చున్నది మూడుసార్లు. మూడోసారి దిగుతుంటే పొగగొట్టం తగిలి పిక్క కాలింది, ఆ మచ్చ ఇంకా ఉంది, చిన్న ఆకంత, ఇప్పుడు చర్మం ముడతలు పడి ఆకు కూడా ముడుచుకుంది.

రెండుం పావు. కిరోసిను పొయ్యి మీద కెటిల్ సన్నగా పలుకుతోంది. తెత్సురో ఆ బండిని కర్మాగారంలో చేరిన రెండో ఏడు కొన్నాడు, పంతొమ్మిదేళ్లు, జీతంలో సగం దానికే పోయేది, ఆదివారాలు దాన్ని తుడిచేవాడు, తుడిచి మళ్లీ తుడిచేవాడు. హెడ్‌లైటు మిణుకుమంటోందని అంగడివీధిలోని మరమ్మతు కొట్టుకు తీసుకెళ్లాడు, అక్కడ పనివాడు మోరియో, తమ్ముడి కంటే ఏడాది పెద్ద, చెవులు పెద్దవి, ఎవరైనా మాట్లాడిస్తే ఆ చెవులే ముందు ఎర్రబడేవి. తీగలు మార్చాడు. దీపం పగటిపూట కూడా తెల్లగా వెలిగింది. ఆ తరువాతి ఆదివారం అమ్మ కొండమీది గుడికి వెళ్లి ప్రయాణాలలో కాపాడే రక్ష తెచ్చింది, ఎర్ర జరీబట్టతో కుట్టిన సంచి, బొటనవేలంత వెడల్పు, తెల్ల తాడు. తమ్ముడు తీసుకోలేదు. "అమ్మా, ఆ దేవుడికి కార్బొరేటరు విప్పడం వచ్చా? వస్తే చెప్పు, మా కర్మాగారంలో చేర్పిస్తా, మనుషులు చాలట్లేదు." "నోరుముయ్యి. నీకు తెలివుందని రోడ్డుకేం తెలుసు?" "రోడ్డుకు తెలియకపోతే సంచీకి తెలుస్తుందా?" అని నవ్వి, బూట్లు తొడుక్కుని వెళ్లిపోయాడు. అమ్మ ఆ సంచిని అరచేతిలో పెట్టుకుని వంటింటి గుమ్మంలో చాలాసేపు కూర్చుంది. ఆవిడ ఏడవలేదు, ఏడిస్తే నేను ఆ పని చేసి ఉండేదాన్ని కాదేమో, ఏడ్చేవాళ్ల విషయంలో నేను కొంచెం కఠినం. ఆవిడ ఊరికే కూర్చుంది. "వాడికి తెలియకుండా బండిలో ఎక్కడైనా పెట్టలేమా?" అని అడిగింది. నేను ఇంజనీరింగు మూడో సంవత్సరం, మా తరగతిలో నూట పదిమంది మగపిల్లల మధ్య నేనొక్కదాన్నే ఆడపిల్లని, అటువంటిదాన్ని ఒక సంచికి చోటు వెతకలేనా? హెడ్‌లైటు గిన్నె కింద ఒకే ఒక స్క్రూ ఉంటుంది. తిప్పితే అద్దం ముందుకు వస్తుంది. వెనక చేతికి పట్టేంత ఖాళీ. తీగల కట్టకూ గిన్నె గోడకూ మధ్య సంచిని దూర్చాను, కదలకుండా, బిగుతుగా, చక్కగా సరిపోయిందని సంతోషించాను. నా చేతులతో. ఈ రెండు మాటలు మనసులో ఎప్పుడూ సులువుగానే వస్తాయి. నోటితో చెప్పవలసి వచ్చినప్పుడు వాటి చోట అమ్మ వచ్చి నిలబడుతుంది.

రక్ష సంచిని విప్పకూడదు. విప్పితే లోపలి బలం పోతుందని మా అందరికీ చిన్నప్పుడే చెబుతారు. నాకు తెలిసి మా ఊళ్లో ఎవరూ విప్పలేదు, పరీక్షల్లో తప్పిన పిల్లలు కూడా. అందువల్ల లోపల ఏముంటుందో ఎవరికీ తెలియదు. కాగితం అనుకుంటాం, దేవుడి పేరు రాసిన కాగితం, లేకపోతే చెక్కపేడు. ఏ పదార్థమో తెలియని వస్తువును ఒక విద్యార్థి కరెంటు తీగల పక్కన పెట్టి ఉంటే నేను గుమ్మం బయట నిలబెట్టేదాన్ని. లోపల ఉన్నది ఇత్తడి రేకు.

ఆ తరవాత జరిగింది చాలా తక్కువ మాటల్లో చెప్పవచ్చు. ఒకే సిలిండరు ఇంజను, అది గుర్రంలా వణుకుతుంది. ఆ వణుకుకు జరీబట్ట గిన్నె గోడను రాసుకుంటూ, రాసుకుంటూ నెల రోజుల్లో అరిగిపోయింది. రేకు మూల బయటికి వచ్చింది. బల్బు వెనక ఉండే ఉత్త మొనకూ గిన్నె ఇనుముకూ మధ్య వంతెన వేసింది. దీపాన్ని వెలిగించవలసిన కరెంటు ఆ వంతెన మీదుగా పోయింది. ఈ బండిలో దీపానికి కరెంటు ఒక తీగచుట్ట నుంచి, ఇంజను మంటకు ఇంకొక తీగచుట్ట నుంచి వస్తుంది. అందుచేత దీపం ఆరింది గాని ఇంజను ఆగలేదు, బండి అదే వేగంతో ముందుకు వెళ్లింది. "ఆరిపోయింది, అక్కా, ఠక్కున ఆరిపోయింది" అని ఆసుపత్రిలో తమ్ముడు మూడు రోజులు అదే మాట అన్నాడు. ఆ మాట మీద తీర్పు అయిపోయింది. కొట్టు యజమాని మోరియోను వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు, ఇద్దరూ గుమ్మం లోపలి మట్టినేల మీద మోకాళ్లూని నుదురు నేలకు ఆనించారు, నాన్న పైన గచ్చు మీద నిలబడి చూస్తున్నాడు, నేను తలుపు చాటున. మోరియో తల ఎత్తకుండానే అన్నాడు: "ఒక్కసారి విప్పి చూడనివ్వండి. ఎక్కడ ఊడిందో చూస్తాను." యజమాని అతని మెడ పట్టి కిందికి నొక్కాడు. నాన్న అన్నాడు: "నువ్వు ముట్టుకున్నందుకే ఇట్లా అయింది. ఇంక దాన్ని ఎవడూ ముట్టుకోడు." బండిని షెడ్డులో పెట్టి పట్టా కప్పారు. మోరియోను కొట్టులోంచి తీసేశారు. నది పొడవునా ఇంకే కొట్టూ అతన్ని తీసుకోలేదు, ఇక్కడ కబురు నీళ్లకంటే వేగంగా దిగువకు పోతుంది. తేయాకు ఎండబెట్టే మిల్లులో చేరాడు, అక్కడే నలభై ఏళ్లు చేసి విరమించాడు. అమ్మ మాత్రం ఆ నెలాఖరున గుడికి మొక్కు చెల్లించడానికి వెళ్లింది. రక్ష ఉండబట్టి కాలితో పోయింది, లేకపోతే ప్రాణమే పోయేది అని. రక్ష మన బదులు దెబ్బ తింటుందని ఆవిడ నమ్మకం. ఆవిడ పోయేదాకా అదే నమ్మింది, నేను అవునన్నాను.

యోకాన్ చాలా మంచి యోకాన్. అది నిజం కాబట్టి చెప్పుకోవాలి. పట్టణంలో ఒక పాత అంగడి నుంచి తెచ్చేవాడు, మిల్లు జీతానికి అది చిన్న ఖర్చు కాదు. అమ్మ దాన్ని మొదట పోయిన పెద్దల పీఠం దగ్గర పెట్టి గంట కొట్టి, మర్నాడు పలచటి ముక్కలుగా కోసేది. నాన్న రెండు తినేవాడు. తమ్ముడు చాలా ఏళ్లు ముట్టుకోలేదు, తరవాత ఒక ఏడు తిన్నాడు, "వాడు మంచివాడక్కా, ఇంక రావద్దని చెప్పు" అన్నాడు. నాన్న బతికుండగా చెప్పలేదు, నాన్న పోయాక రెండుసార్లు చెప్పాను, నాగురా వంగి, "రాకపోతే నాకు నిద్ర పట్టదండీ" అన్నాడు. నాకు ఇష్టమైన భాగం చివరి ముక్క, పక్కన చక్కెర పేరుకుని పంటికి కరకరలాడేది. ఆ కరకరను నేను ప్రతి ఏడూ కొంత ఎదురుచూశాను. నవంబరులో నేను విశ్వవిద్యాలయం ఉన్న నగరం నుంచి ఇంటికి వచ్చేది తమ్ముణ్ణి చూడటానికా, ఆ ముక్క కోసమా అని ఎవరైనా అడిగితే, ఇప్పుడు వేరుచేసి చెప్పలేను.

రెండు నలభై. కూర్చున్న స్టూలు ఒక కాలు పొట్టి, కాగితం మడిచి పెట్టాలి. కాగితం తరవాత. మాట. "నాగురా గారూ, దీపం ఆరిపోవడానికి కారణం మీరు కాదు." ఇది మొదటి మాట కావచ్చు. వెంటనే అతను అడుగుతాడు, మరి ఎవరు. అక్కడ రెండు దారులు. మా అమ్మ రక్ష పెట్టింది అంటే పూర్తవుతుంది. అమ్మ పోయి ఇరవై తొమ్మిదేళ్లు, ఆవిడకు నష్టం లేదు, ఒక తల్లి ప్రేమతో చేసిన పొరపాటు, నాగురా కళ్లు తుడుచుకుంటాడు, మేమిద్దరం అమ్మ ఫొటో ముందు అగరువత్తి వెలిగిస్తాం, అతను తేలికపడి సప్పోరో వెళ్తాడు. అతనికి కావలసింది తన తప్పు లేదనే మాట, అది దొరుకుతుంది. లెక్కలో ఏమీ తేడా రాదు. ఇలా నాకు నేను చెప్పుకున్నప్పుడల్లా లెక్కలో తేడా ఎక్కడుందో నాకు తెలుస్తూనే ఉంది. నేను పెట్టాను అంటే రెండో ప్రశ్న వస్తుంది. యాభై ఐదేళ్లు మీకు తెలియలేదా?

తెలియలేదు. ఇది నిజం. దీని పక్కన ఇంకొకటి ఉంది. రక్షను కొత్త ఏడాది రాగానే గుడికి తిరిగి ఇవ్వాలి, అక్కడ వాటిని కాలుస్తారు. అందుకని ప్రమాదం తరవాతి జనవరి చలిలోనే అమ్మ నాకు గుర్తుచేసింది, నాన్న చూడకుండా షెడ్డులోంచి అది తీసుకురమ్మని. స్క్రూడ్రైవరు తీసుకుని వెళ్లాను. పట్టా ఎత్తాను. అంచు సొట్టపడి స్క్రూ బిగుసుకుపోయింది. రెండుసార్లు తిప్పాను, రాలేదు, వచ్చేశాను. అమ్మతో రాలేదని చెప్పాను. స్క్రూ రాలేదు, నిజమే. నూనె చుక్క వేసి అరగంట ఆగితే వచ్చేది. సెప్టెంబరులో అలాగే వచ్చింది. నూనె డబ్బా ఆ రోజూ అదే అలమరలో ఉంది. ఆ వారమే ప్రయోగశాలలో మాచేత రెండు తీగల మధ్య ఒక మేకు పెట్టించి దీపం ఆరడం చూపించారు. దీపం ఆరిన క్షణంలో నా మనసులో ఏదో లేచింది. దాని ఆకారం నాకు గుర్తుంది, అరిచే ముందు నోరు తెరుచుకున్నట్టు. తరవాత గంట మోగింది, నోటుపుస్తకం మూశాను. ఆ ఆలోచనను నేను ముగించలేదు. మొదలైన ఆలోచనను ముగించకపోవడానికి కూడా ఒక కారణం ఉంటుంది, ఆ కారణానికి ఒక మనిషి ఉంటుంది. విరిగినవన్నీ ఎందుకు విరిగాయో చెప్పడం నా జీవితంగా ఎంచుకున్నది ఆ ఏడే. రెండింటికీ సంబంధం ఉందని నేను ఎక్కడా రాయలేదు. లేదని కూడా రాయలేను.

సెప్టెంబరు పన్నెండున అద్దం ముందుకు వచ్చినప్పుడు ముందు కనిపించినవి ఎర్ర పోగులు, ఎలుక గూడులా. వాటి మధ్య రేకు, పచ్చగా చిలుము పట్టి. కడగకుండా భూతద్దం కింద పెట్టాను. ఒక మూల కరిగి సూదిమొనంత గుండ్రని చుక్క అయింది, ఇత్తడి కరిగి మళ్లీ గడ్డకట్టిన చుక్క, అది ఒక్క రకంగానే ఏర్పడుతుంది. ఎదురుగా బల్బు మొన మీద అంతే గొయ్యి. ఆశ్చర్యం కలగలేదు. చాలా చక్కటి నమూనా అనిపించింది, విద్యార్థులకు చూపించదగ్గది.

గేటు చప్పుడు. ఇంకా పది నిమిషాలు ఉండాలే. అతను ఎప్పుడూ ముందు రాడు. బస్సు వేళలు మారినట్టున్నాయి. షెడ్డు ఊడ్వనే లేదు.

"అక్కగారూ, ఇంటి దగ్గర పిలిచాను, పలకలేదు. ఇక్కడ పొయ్యి వాసన వచ్చింది" అన్నాడు నాగురా షెడ్డు గుమ్మంలో నిలబడి. పెట్టె రెండు చేతుల్లో ఉంది. వంగబోయి, బండి కనపడి, సగంలో ఆగిపోయాడు. డెబ్బై ఐదేళ్ల మనిషి నడుము సగంలో ఆగితే నొప్పి. అయినా అలాగే ఉండి చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. "ఇది... అదేనా?"

"అదే. లోపలికి రండి. ఇవాళ వంగకండి."

"వంగకపోతే ఎట్లాగండీ, అందుకే కదా వచ్చింది" అంటూ దగ్గరికి వచ్చి, పెట్టెను ఎక్కడ పెట్టాలో తెలియక చంకలో ఇరికించుకుని, ట్యాంకు మీద వేలు రాశాడు. "ఎవరు చేశారు? ఎక్కడ ఇచ్చారు?" నేనే చేశానన్నాను. ఇంజను దగ్గర తల వంచి, "కిక్కు రబ్బరు తిరగేసి వేశారు" అన్నాడు. "మిగతాది బాగుంది. చదువుకున్నవాళ్ల పని. పిల్లాడికి స్నానం చేయించినట్టుంది."

స్టూలు మీద కూర్చోబెట్టాను. నలభై నిమిషాలు వెతికిన మాటలేవీ రాలేదు, గిన్నెను గుడ్డతో సహా అతని ముందుకు జరిపాను, భూతద్దం ఇచ్చాను. అతను భూతద్దం పక్కన పెట్టి కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, గిన్నెను మొహానికి దగ్గరగా తెచ్చుకున్నాడు. రేకు వైపు చూడలేదు. వేళ్లతో తీగల కట్టను మెల్లగా పక్కకు తీసి, లోపల ఎక్కడో ఉన్న ఒక అతుకు దగ్గర ఆగాడు. దాని మీద చుట్టిన నల్ల గుడ్డపట్టీని బొటనవేలితో నొక్కాడు, లాగాడు, మళ్లీ లాగాడు.

"ఊడలేదు" అన్నాడు.

"ఊడలేదు. మీ అతుకులు మూడూ గట్టిగా ఉన్నాయి. నేను కరెంటు పెట్టి చూశాను."

"ఊడలేదు" అని ఇంకోసారి అన్నాడు, నాతో కాదు. గుడ్డపట్టీ మీంచి బొటనవేలు తీసి: "నాకు చెయ్యి వదులేమో అనుకున్నానండీ. ఆ తరవాత మళ్లీ తీగ కలపలేదు. ఇంట్లో బల్బు పోతే మా ఆవిడే మార్చేది, నేను నిచ్చెన పట్టుకునేవాణ్ణి. పిల్లలు నవ్వేవాళ్లు, నాన్నకి కరెంటంటే భయమని." గిన్నెను దించాడు. "మరి ఎందుకు ఆరింది?"

"లోపల రక్ష ఉంది. సంచిలో ఇత్తడి రేకు. బట్ట అరిగి, రేకు బల్బు మొనకు తగిలింది. మా అమ్మ గుడి నుంచి తెచ్చింది, తెత్సురో వద్దన్నాడు."

ఇందులో ఒక్క అబద్ధమూ లేదు. అతను రేకును చూశాడు, కరిగిన మూలను చూశాడు, పోగులను చూశాడు. కెటిల్ మూత కదులుతోంది. నేను లేచి దించలేదు.

"అమ్మగారు తెచ్చారు" అన్నాడు. "మరి పెట్టింది?"

నేను బల్ల మీది తెల్లగుడ్డ అంచు సరిచేశాను.

"స్క్రూ సంగతి అమ్మగారికి తెలియదండీ. బండి తీసుకెళ్లడానికి ఆ రోజు తమ్ముడితో మీరొచ్చారు. నీలం గౌను. ఇది ఎట్లా తీస్తారని మీరడిగితే నేను చూపించాను, ఒక్క స్క్రూ అక్కగారూ, కమలాపండు తొక్కలాగా ఊడొస్తుందని. మా కొట్లో ఆడవాళ్లు అట్లాంటివి అడగటం అదే మొదలు. అందుకని గుర్తుంది."

నాకు గుర్తులేదు. అంటే, అతను చెప్పేదాకా లేదు. చెప్పగానే కొట్టు నేల మీది నూనె మరకలు, మోకాలి మీద కూర్చున్న కుర్రవాడు, ఎర్రటి చెవులు, తిరుగుతున్న స్క్రూ అన్నీ ఉన్నాయి. ఆ పని ఎలా చెయ్యాలో నాకు నేర్పింది అతనే. యాభై ఐదేళ్లు నేను వెనక్కి నడిచి ఆగిన చోటుకు ఇంకా ఒక అడుగు వెనక అతను నిలబడి ఉన్నాడు, ఏ తప్పూ లేకుండా.

"నేను పెట్టాను" అన్నాను. "అమ్మ అడిగింది. పెట్టింది నేను."

"ఎప్పుడు తెలిసింది?"

"సెప్టెంబరులో విప్పాను." ఇక్కడ ఆగవచ్చు. ఇది కూడా అబద్ధం కాదు. "ఆ ఏడు చలికాలంలోనే ఒకసారి అనుమానం వచ్చింది. స్క్రూ తియ్యబోయాను, రాలేదు. గట్టిగా ప్రయత్నించలేదు. ప్రయత్నిస్తే వచ్చేది."

స్టూలు పక్కన సిమెంటు నేల మీద మోకాళ్లూని, చేతులు ముందు పెట్టి, నుదురు నేలకు ఆనించాను. నేల చల్లగా ఉంది, నిమ్మఉప్పు వాసన. ఇలా వంగడం ఎలాగో నేను తలుపు చాటునుంచి చూసి నేర్చుకున్నాను, చెయ్యడం ఇదే మొదలు.

"లేవండి" అన్నాడు. "మోకాళ్లు పట్టేస్తాయి. మిమ్మల్ని లేపే ఓపిక నాకు లేదు." గొంతులో కోపం లేదు, కోపం లేనితనం కూడా లేదు. బల్ల పట్టుకుని నేనే లేచాను. అతను కిటికీలోంచి తేయాకు వరసల వైపు చూస్తున్నాడు. "పది నిమిషాల పని. మీ నాన్నగారు ఒక్క పది నిమిషాలు నన్ను షెడ్డులోకి రానిస్తే. మీరు ఒక్క చుక్క నూనె..." అన్నాడు. కెటిల్ తనే లేచి దించాడు. రెండు కప్పుల్లో టీ పోశాడు, ఒకటి నా వైపు జరిపి, ఒకటి తను తాగాడు, మా ఇంట్లో మొదటిసారి, నిదానంగా, అడుగు దాకా.

కప్పు బోర్లించి జేబులోంచి పెన్ను తీశాడు. పెట్టె మీది కాగితం మూల చింపి, బల్ల మీద పెట్టి, ముసలి అక్షరాలతో ఏదో రాసి నా ముందుకు జరిపాడు. సప్పోరో చిరునామా. కూతురి ఇంటిపేరు, వీధి, నాలుగో అంతస్తు.

"నాకు ఇంత దూరం రావడం కుదరదు" అన్నాడు. "వచ్చే ఏడు నవంబరు తొమ్మిదిన మీరు రండి. మూడింటికి. అప్పటికే అక్కడ మంచు పడుతుంది, జారని బూట్లు వేసుకోండి."

నేను కాగితం తీసుకున్నాను. నాకు డెబ్బై ఏడు. కూడికలు నాకు ఎప్పుడూ త్వరగానే వస్తాయి. "నాగురా గారూ, వస్తాను. కాని నా దగ్గర యాభై ఐదు నవంబర్లు లేవు."

అతను గుమ్మంలో టోపీ పెట్టుకుంటూ ఆగాడు, నేను చెప్పినదాంట్లో తప్పేమైనా ఉందేమోనని సరిచూస్తున్నట్టు.

"తెలుసు" అన్నాడు. "ఉన్నన్ని రండి."